తెడ్డేసింది ఎవరు

తుఫానులో తొమ్మిది మైళ్ల సముద్రాన్ని ఒంటరిగా తెడ్డేసుకుంటూ దాటి, మా దీవికి మంత్రసానిని తెచ్చిన మొనగాణ్ణి నేనే. ఆ కథ చెప్పమని డబ్లిన్ టీవీవాళ్లు తమ కబుర్ల కార్యక్రమానికి పిలిచారు. ఫోనులో నా మాటలు రాసుకున్న అమ్మాయే తెర వెనక నా కాలరు సర్దుతోంది.

“అమ్మాయ్, యాంకరమ్మ చీటీలో ‘ఒంటరిగా’ అని రాశావా?”

“మీరే మూడుసార్లు చెప్పారు కదా తాతగారూ!”

“కొట్టెయ్ తల్లీ. తెడ్డేసింది మా ఫెస్టీ. నేను పడవలో నీళ్లు తోడానంతే.”

“అయ్యో! చీటీ ఆవిడ చేతికి వెళ్లిపోయింది. ఇంకా రెండు నిమిషాలే ఉంది. పోనీ, ఫెస్టీగారు ఏమైనా అనుకుంటారా?”

“వాడు పోయి ఏడాదైంది. వాడి పెళ్లాం సోరకా మా దీవి పబ్బులో టీవీ ముందు కూర్చునుంటుంది. ఊరంతా టీవీని వదిలేసి ఆమె మొహమే చూస్తుంది.”

“మరి నాతో అలా ఎందుకు చెప్పారు?”

“నువ్వు ‘అబ్బో!’ అన్నావు. ఊపొచ్చింది.”

“ముందు ఈ నీళ్లు తాగండి. ‘ఒంటరిగానా?’ అని అడిగితే ఏం చెప్తారు?”

తెర ముందుకెళ్లగానే యాంకరమ్మ అడగనే అడిగింది. “తెడ్డు ఫెస్టీది, బూటు నాది. దాంతోనే నీళ్లు తోడాను,” అన్నాను. జనం చప్పట్లు కొట్టారు.

బూటు మాత్రం కల్పన. పడవలో మంచి బకెట్టే ఉంది.