తాత ఇప్పటి మొకం

(పుప్పాలగూడలో పంతొమ్మిదో అంతస్తు ఫ్లాటు. ఆదివారం పొద్దున. సీతాబాయి గోంగూర ఏరుతోంది. మనవరాలు కృష్ణప్రియ కంప్యూటరులో ఒక ముఖం బొమ్మ చేస్తోంది. కొడుకు ఎల్లేశం అటూ ఇటూ తిరుగుతున్నాడు.)

"బట్టతల పెట్టాల్నా, నానమ్మా?"

"పెట్టు. మీ తాత వాళ్ళ నాయినకు నలభై దాటంగనే నెత్తి నున్నగయింది. ఈయనకు మాత్రం ఆగుతదా?"

"పక్కలకు జర తెల్ల ఎంట్రుకలు ఉంచుతున్న."

"ఉంచు. బుగ్గలు లోపలికి పోనీయి. జైలు కూడు తిని ఎవలు లావైతరు?"

"అమ్మా, ఇగ ఆపుతవా? విగ్రహానికి ముసలి మొకం ఏంది? ఫోటోల నాయిన మిలిటరీ డ్రస్సుల మంచిగున్నడు. గట్లనే చేసి చౌరస్తల పెడదాం, ఒక దండ వేద్దాం అంటే—"

"దండ మాట ఎత్తకు, ఎల్లేశం."

"ఎత్తక? డెబ్బై ఒకటి యుద్ధంల పట్టుకపోయిండ్రు. పట్టుకపోయినోళ్ళంత తిరిగొచ్చిండ్రు. ఈయన రాలే."

"కొమురయ్య ఆయనతోనే పట్టువడ్డడు. విడిచిపెట్టినంక సీదా నా ఇంటికే వచ్చిండు. 'వదినె, అన్న బతికే ఉన్నడు, జైల్ల నా కండ్లతోని చూసిన' అన్నడు."

"ఆ కొమురయ్య గూడ పోయి ఎన్నేండ్లాయె!"

"మనిషి పోతే మాట పోతదా?"

"డాడీ, గొడవొద్దు. నానమ్మ ఒప్పుకున్నదే గీ షరతు మీద గద. బతికున్నోనికి వయసు పెరుగుతది, తాతకు ఇప్పుడు డెబ్బై ఏడు, ఆ మొకమే చెయ్యాలని. ఆఫీసుల గేముల కోసం ఎంతమంది ముసలోళ్ళను చెయ్యలే నేను? గిది అయితే, దీన్ని చూసి ఫైబరుల పోత పోస్తరు."

"నీకేం బిడ్డా, మాట్లాడ్తవ్. ఆయన పోయిననాడు నేను పాకుతున్ననంట. నాకు యాభై దాటినయ్. పెత్రమాసకు పెద్దలకిచ్చినట్టు ఒక్కసారన్న ఆయన పేరు మీద బియ్యం ఇయ్యనిచ్చిందా మీ నానమ్మ?"

"బతికున్నోనికి బియ్యమిస్తర్రా?"

"మరి నువ్వు? పొద్దుందాక కింద గేటుకాడ కూసుంటవ్. కాళ్ళు వాచినయ్. మెట్టెలు వేళ్ళను కోస్తున్నయ్, తీసెయ్యమన్నడు డాక్టరు. తీస్తివా?"

"కాళ్ళు నావి. మెట్టెలు ఆయనవి."

"నానమ్మా, డాడీ చెప్పేది గూడ జర విను. ఆ ఎండల కూసునుడు ఎందుకు, పైన ఫ్యాను కింద ఉండక?"

"ఊరు ఊరులెక్క లేకపాయె బిడ్డా. మన జొన్నచేన్లనే గీ బిల్డింగులు లేచె. ఆయనొస్తే యాడని వెతుకుతడు? ఊరును గుర్తువట్టకున్నా నన్ను గుర్తువడ్తడు. నేను ఆయనను గుర్తువడ్త. గంతే."

"గదువ మీద మచ్చ ఏ దిక్కుండె?"

"ఎడమ దిక్కు. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తాకింది."

"ఇగో, అయిపోయింది. గోంగూర పక్కకు పెట్టి రా. అద్దాలు పెట్టుకో."

"ఏదీ... ఎవలు బిడ్డా, ఈ ముసలాయన?"

"తాతే."

"కాదు. మంచిగ చూపియ్యి."

"తాతే, నానమ్మా. నువ్వు చెప్పిందే చేసిన. మచ్చ చూడు. చెవులు ఫోటోలయే."

"మచ్చున్నది. చెవులున్నయ్. ఎవలో పెద్దమనిషి."

"ఏమన్న తప్పు చేసిన్నా? బుగ్గలు మారుస్త. ముక్కు—"

"నువ్వేం తప్పు చెయ్యలే. ఎల్లేశం, నువ్వు రా. నీకన్న మీ నాయిన అనిపిస్తున్నడా?"

"నాకేం తెలుస్తదమ్మా? నేనెప్పుడు చూసిన?"

"అవు. నీకెట్ల తెలుస్తది. నాకే తెలుస్తలేదు."

"అమ్మా, కూసో. ఇగో కుర్చీ."

"గేటుకాడ నేను ఎవల మొకాలు చూస్తుంటినో ఎరుకేనా? మెడల ఆఫీసు బిళ్ళలు వేసుకొని బైకులు దిగే పిలగాండ్లయి. ఆయన పోయిననాటి ఈడోళ్ళయి, ఇరవై మూడేండ్లోళ్ళయి. ముసలోళ్ళ దిక్కు ఒక్కనాడు చూడలే. ఈయనొచ్చి నా ముందట నిలవడ్డా, 'జర పక్కకు జరుగు తాతా, తొవ్వ కనవడ్తలేదు' అంటుంటి."

"గట్లనకు, నానమ్మా."

"మీ తాత ఎన్నడు ముసలోడు కాలే బిడ్డా. నా మనసుకు ఎప్పుడో ఎరుకే. నేనే ఒప్పుకోలే. ఈయనను తీసెయ్. ఫోటోల పిలగాన్నే చెయ్యి."

"మరి నీ షరతు?"

"చెయ్యమన్న గద."

"సరే... తీసేసిన. ఏడవకు. ఉండు, తాగ నీళ్ళు తెస్త."

"తాగ వద్దు. గిన్నెల తే, జర సబ్బు కలిపి. మెట్టెలు వేళ్ళకు పట్టుకపోయినయ్, ఊరికె రావు."