మా ఆయన వెతికిన మేజర్ కమల

“మామ్మగారూ, ఈ ఫైలు మీద ‘మేజర్ కమల’ అని రాసుంది. ఎవరావిడ? మీ చుట్టమా?”

చుట్టమా! నా సవతి. నవ్వకు, నిజంగానే అంటున్నా. ఆరు నెల్లు ఈ ఇంట్లో, నా కంచం ఎదురుగా కూచుంది, మనిషి కనపడకుండా. అక్కడ పెట్టెయ్ ఆ ఫైలు. కాదు, ఇటియ్యి. బీరువా తర్వాత సర్దుదువుగానీ, ఇలా కూచో. ఉద్యోగం పరీక్షలకి చదువుతానని పై ఫ్లాటులో అద్దెకొచ్చి ఏడాదైంది, నీకింతవరకూ చెప్పనేలేదు. మీ తాతగారు పార్కు నుంచి వచ్చేలోగా చెప్పేస్తా.

ఆయనకి రిటైరయ్యాక పాత సామాన్ల పిచ్చి పట్టింది. ఆదివారం వస్తే చాలు, మెట్రో ఎక్కి పాత ఢిల్లీ పోయి చిల్లుకాణీలూ తుప్పు తాళాలూ తెచ్చేవారు. ఓ ఆదివారం నాలుగు మెడల్స్ తెచ్చారు, రంగురంగుల రిబ్బన్లతో ఒకే కడ్డీకి వరసగా ఉన్నవి. పాత సామాన్లు కొనే కబాడీ వాడి దగ్గర ఇత్తడి గిన్నెల్లో పడున్నాయట. చింతపండుతో తోమబోతే “వద్దొద్దు, పాడైపోతాయి” అని చేతిలోంచి లాక్కున్నారు. భూతద్దం పెట్టి చూస్తే అంచు మీద సన్నగా నంబరూ, హోదా, పేరూ చెక్కున్నాయి. ఆవిడ మిలిటరీ నర్సు. ఒకటి యుద్ధానికి, ఒకటి మంచుకొండల్లో పనిచేసినందుకు, ఒకటి ఇరవయ్యేళ్ల సర్వీసుకి, నాలుగోది... ఏదో మరి, మర్చిపోయా. ఆయనైతే నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఇంక మొదలు. ఉత్తరాలు, ఫోన్లు, లైబ్రరీలు, రిటైరైన ఆఫీసర్ల ఇళ్లు. అన్నం ముందు కూచుని “కమలగారు పఠాన్‌కోట్‌లో రెండేళ్లున్నారట” అనేవారు. “పప్పు వేసుకోండి” అనేదాన్ని. “తేజ్‌పూర్‌లో ఒక్కత్తే నలభైమంది రోగుల్ని చూసిందట” అని ఇంకోరోజు. టైఫాయిడ్ వచ్చిన పిల్లనీ, మంచం పట్టిన అత్తగారినీ నేనొక్కత్తినే చూడలేదూ? నాకెవరిచ్చారు మెడల్? పైగా నిద్రలో ఆవిడ పేరు... కాదులే, అబద్ధమెందుకు, ఏమీ అనలేదు. అంటారేమోనని నేనే చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని.

అసలు మంట ఎక్కడంటే, కాకినాడలో నాకూ నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది. ఆయ్, నాకే. చేరడానికి వారం ఉందనగా పెళ్లిచూపులు. ఈయనే అన్నారు, “ఢిల్లీలో పెద్దాస్పత్రులున్నాయి, అక్కడ చేర్పిస్తాను” అని. ఆ మాట నమ్మి రైలెక్కా. తర్వాత పిల్లలు, బదిలీ... బదిలీ కాదు, క్వార్టరు మారాం. ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరి ఇప్పుడెవరో నర్సు ఎక్కడెక్కడ డ్యూటీ చేసిందో కూచుని రాసుకుంటుంటే నా కడుపు రగలదూ?

ఓరోజు గురుగ్రామ్ నుంచి ఉత్తరం వచ్చింది. కమల మేనల్లుడు రాశాడు, అత్త మా దగ్గరే ఉంది, ఎప్పుడైనా రండి అని. ఆయన స్నానంలో ఉన్నారు. ఆ ఉత్తరం తీసుకెళ్లి మినప్పప్పు డబ్బాలో పెట్టేశా. పదకొండు రోజులు! పోస్టుమాన్ వచ్చాడేమోనని ఆయన రోజూ గేటు దాకా వెళ్లొస్తుంటే చూస్తూ ఊరుకున్నా. అంత పాపిష్టిదాన్ని.

పన్నెండో రోజు గుడికని చెప్పి మెట్రో ఎక్కేశా. ఆవిడెలా ఉంటుందో చూడాలి, అంతే. పద్నాలుగో అంతస్తు. ఎనభై దాటిన మనిషి, వాకర్ పట్టుకుని తనే తలుపు తీసింది. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. అందగత్తే, ఏం చేస్తాం.

“మీ మెడల్స్ దొరికినాయన భార్యని” అన్నా, నా వంకర హిందీలో.

“అవా? ఇల్లు మారినప్పుడు పాత సామానుతో పోయాయి. నేనూ వెతకలేదు” అంది. కూచోమని, నీళ్లిచ్చి, “మరి నువ్వేం చేసేదానివి?” అంది.

ఢిల్లీ వచ్చాక ఆ మాట నన్నెవరూ అడగలేదమ్మా. సీటు సంగతి చెప్పేశా. ఏడ్చేశా కూడా. ఆవిడ ఓదార్చలేదు. “చేరాల్సింది. మొండిదానిలా ఉన్నావు, మంచి నర్సువయ్యేదానివి” అంది. ఓదార్చుంటే అంత బాధుండేది కాదు.

ఇంటికొచ్చి ఉత్తరం ఆయన చేతిలో పెట్టా. “దాచింది నేనే. నాకు సీటొచ్చింది, గుర్తుందా మీకు?” అన్నా.

ఆయన ఉత్తరం విప్పకుండానే బల్ల మీద పెట్టారు. “గుర్తుంది. మొదటేడే ఓ ఆస్పత్రి నుంచి ఫారం తెచ్చా. ఆఫీసు బల్లలో పెట్టేశా. నువ్వు డ్యూటీలకెళ్తే ఇల్లెలాగ అనుకున్నా. తర్వాత ఇవ్వడానికి మొహం చెల్లలేదు” అన్నారు.

నేను దాచింది పదకొండు రోజులు, ఆయన దాచింది నలభై ఏళ్లు. రెండ్రోజులు వంట చేశా గానీ మాట్లాడలేదు.

మూడో రోజు ఇద్దరం వెళ్లి మెడల్స్ ఇచ్చేశాం. ఆవిడ ఒళ్లో పెట్టుకుని ఒక్కోటీ ఎక్కడిదో చెప్తుంటే ఈయన నోరు తెరుచుకుని విన్నారు. నాకు మళ్లీ మండింది, ఆ మంచుకొండల్లో నేనెందుకు లేను అని. ఇప్పటికీ మండుతుంది, నీ దగ్గర దాచడమెందుకు.

ఇప్పుడు నెలకోసారి నేనొక్కత్తినే వెళ్తా. ఆయన వస్తానంటారు, నేనే తీసుకెళ్లను. కమలా దీదీ నాకు నాడి చూడ్డం నేర్పింది. బొటనవేలితో చూడకూడదట, దానికీ సొంత నాడి ఉంటుందట. ఏదీ, నీ చెయ్యిలా ఇయ్యి. మాట్లాడకు... ఉండు, లెక్క తప్పింది, మళ్లీ... ఆఁ, బాగుంది, గట్టిగా కొట్టుకుంటోంది. చల్లగా ఉండు తల్లీ, అనుకున్న ఉద్యోగం అందుకో. నాకు కొంచెం కుళ్లొస్తుందనుకో... రానీలే.