చిన్నరసం మెత్తబడాలి: శ్రీమతి జ్ఞానప్రసూనాంబ గారి పదవీ విరమణ వేళ

1989 జూలై పదిహేడున, సోమవారంనాడు, శ్రీమతి జ్ఞానప్రసూనాంబ గారు నూజివీడులోని మన ఫలరక్షణ పరిశోధనాలయంలో రసాయనశాస్త్ర సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఆవిడకు కేటాయించిన కుర్చీ ప్లాస్టిక్ కవరు నేటికీ విప్పలేదనీ, ఆవిడ అందులో కూర్చోగా చూసినవాడు జిల్లాలో లేడనీ ప్రతీతి. ఇందులో అతిశయోక్తి పిసరంతే. ఆవిడ పచార్లకు వరండా గచ్చు అరిగినమాట మాత్రం అందరూ ఎరిగిందే.

తొలినాళ్ళలో ముసునూరు, రెడ్డిగూడెం తోటలవెంట తిరిగి, వరిగడ్డి పరిచిన బుట్టల్లో సైతం కాయ ఎందుకు నలుగుతోందో పరిశీలించారు. పిమ్మట అట్టపెట్టెలు, మైనపు పూతలు చేపట్టి, క్రమంగా విభాగాధిపతి పదవిని అలంకరించారు. ఏ ఫలితం చేతికొచ్చినా "అయితే ఏంటి?" అన్నదే వారి తొలిపలుకు.

రెండేళ్ళ క్రితం, కొత్త పదార్థాన్ని తానే ఊహించి, తానే కలిపి, తానే పరీక్షించి, తప్పు తానే దిద్దుకునే కృత్రిమ మేధా యంత్రం మన సంస్థకు విచ్చేసింది. మామిడికాయకు పూసే పల్చటి పొరను రూపొందించమని ఆవిడే దానికి పని పురమాయించారు. కాయ పాడవకూడదన్నది ఆవిడ పెట్టిన ఏకైక షరతు. ఈ వేసవిలో, పూతలేని కాయలు కుళ్ళిపోయి పారబోశాక కూడా, యంత్రం పూతపెట్టిన చిన్నరసాలు మచ్చలేకుండా మెరిశాయి. అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే ఆవిడ మాత్రం కాయలుంచిన గదిలోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నారు. చివరికొక కాయ తీసి, రసం పిసికినట్టు పిసికారు. మెత్తబడలేదు. తొడిమ దగ్గర వాసన చూశారు. లేదు. గోడకేసి కొడితే గోడే పగిలేదని గిట్టనివాళ్ళ మాట. పండితేనే కదా కుళ్ళేది అని లెక్కగట్టిన యంత్రం, అసలు పండకుండానే చేసిపెట్టింది.

మర్నాడే ఈ పూతను చూడటానికి ఢిల్లీ నుంచి పెద్దలు రానున్నారు. డైరెక్టరు ఉదయశంకర్ గారు నచ్చజెప్పబోయారు.

"పాడవలేదు కదా మేడమ్. ఈ పొరకి మీ పేరే పెడదామనుకున్నాం. రిటైరయ్యే ముందు ఇంకేం కావాలండీ?"

"చచ్చినవాడికి జబ్బు రాదండీ. అలాగని వాడికి ఆరోగ్యం బాగుందంటామా?"

అని, ఆ షరతు పెట్టిన పొరపాటు తనదేనని వచ్చిన పెద్దలకు చెప్పి, యంత్రాన్ని ఆపించారు. ముందు పండాలి, పండాక నిలవుండాలి అని లక్ష్యం మార్చి మళ్ళీ నడిపించారు. పేరు సంగతి అంతటితో సరి. డైరెక్టరు గారు కాస్త నొచ్చుకున్నా, కడకాపు కాయల్ని తమ తోట నుంచే పంపించారు.

వాటికి పెట్టిన కొత్త పూత ఫలితం ఇంకా తేలలేదు. రేపటితో ఆవిడ ఉద్యోగం ముగుస్తుంది. కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఇవాళ పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు కాయల పెట్టె తెరిచారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అలుపెరుగని ఆ పాదాలకు సత్తువనూ, తరిగిపోని ఆరోగ్యాన్నీ, మరెన్నో మామిడికాపులు చవిచూసే దీర్ఘాయుష్షునూ పరమేశ్వరుడు వారికి ప్రసాదించుగాక. ఆఫీసువారు ఎంత తొందరపెట్టినా, ఆ కాయల గది తాళంచెవిని వారు కాయ మెత్తబడ్డాకనే అప్పగింతురుగాక.