వాన కంటే ముందు గోపయ్య

పర్ణశాల దారిలో భవాని చాయ్ కొట్టు పక్కనే తునికాకు కల్లం. అక్కడ ఎండబెట్టిన ఆకు కట్టలను కనిపెట్టుకుని ఉండడానికి ఒక చలాకీ మనిషి కావాలన్నాడు కల్లం నడిపే కల్లేదారు వాసు. గోపయ్యకు ఆ పని ఎట్లాగైనా కావాలి. మోకాళ్లు అరిగిపోయాక గుట్టలెక్కి ఆకు కోయడం ఇక అతనివల్ల కావడం లేదు. అదే పని అడగడానికి మంగ్లి కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది. దాంతో గోపయ్య చాయ్ పక్కకు పెట్టి అందుకున్నాడు.

"చలాకీ అంటే ఏందనుకున్నవ్ వాసూ? ఉత్తగ ఉరుకుడు కాదు, ఉరుకుడు కుందేలుకు గూడ వస్తది. కన్ను చూడంగనే చెయ్యి పోవాలె, చెయ్యి పోకముందే కాలు ఆడ ఉండాలె. గది చలాకీ! ఓ ఏడు గిట్లనే మబ్బు పట్టింది. వాన రాకముందే ఒక వరుస కట్టలెత్తి కుప్పేసిన."

"ఒక్క వరుసేనా?" అంది మంగ్లి.

"ఒక్క చేత్తోని ఒక వరుస! ఇంకో చేత్తోని బీడీ ముట్టిచ్చుకుంటున్న గద!"

కోతలు ఊపందుకుంటే గోపయ్యకు కళ్లు మూతపడతాయి. మూసిన కళ్ల ముందు అంతా నిజంగానే జరుగుతుంది, ఇక అబద్ధమన్న బెంగే ఉండదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి చినుకు మబ్బుల నుంచి బయల్దేరింది. తాటిచెట్టంత ఎత్తుకు వచ్చేసరికి కల్లమంత ఖాళీ! యాడ పడాల్నో తెల్వక గాల్లనే ఆగింది."

"ఆగిందా!" అన్నాడు వాసు, గబుక్కున లేస్తూ.

"ఆగదా మరి! తక్కిన చినుకులు దాని ఎనక లైను కట్టినయ్. అంతల గోదారి అవతలి కల్లపోళ్లు, గోపన్నా, మా కట్టలు గూడ చూడరాదే అని కేకేసిన్రు. పడవ లేదు, ఏం లేదు, నీళ్ల మీదనే ఉరికిన. తడపాలన్న సంగతి గోదారికి యాదికొచ్చేలోపల అవతల ఒడ్డున ఉన్న, పంచె అంచు గూడ తడ్వలే!"

ఊ కొట్టేవాళ్లు లేరన్నది అతనికి తట్టనే లేదు. రేకుల మీద టపటపమంటే, "అవ్, గిదే చప్పుడు!" అని మురిసిపోయాడు.

"వాళ్లవి గూడ కుప్పేసి, తిరిగొచ్చి ఈడ కూసున్న. చినుకులు ఇంక పైన్నే ఉన్నయ్, నా హుకుం కోసం చూస్తున్నయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరూ అడగలేదు. గోపయ్య కళ్లు తెరిచాడు. బెంచీలు ఖాళీ. బయట వాన దంచి కొడుతోంది. కల్లంలో కట్టలన్నీ టార్పాలిన్ల కింద కుప్పలుగా ఉన్నాయి. పని చేజారిందని గోపయ్యకు అర్థమైంది.

నిలువునా తడిసిన వాసు చూరు కిందికి వస్తూ, "రేపు జల్దీ రా మంగ్లీ, పని నీదే" అన్నాడు.

మంగ్లి కొంగు పిండుకుంటూ గోపయ్య వైపు తిరిగింది.

"మా వాన పడ్డది, కట్టలు గూడ కప్పినం మామా. నీ వాన ఇంక పడలేదా?"