చేతి మీద చిన్నతల్లి

హలో… ఆయ్, నేనేనండి ప్రకాశరావు గారూ. సఖినేటిపల్లి వెంకన్నని.

…

గొడవకి కాదండి. మీ ఆవిడ పేరు నా చేతి మీద ఉండకూడదని కబురెట్టేరు కదా, ఆ పని మీదే అమలాపురం వచ్చేను. పచ్చబొట్ల షాపులోనే కూర్చున్నాను. చిన్నతల్లిని ఒక్క మాట అడిగి పెట్టేస్తాను.

ఆయ్… లైన్లోనే ఉంటానండి.

…

చిన్నతల్లీ? నేనే.

బానే ఉన్నాను. నువ్వో?

… చెరపడం కుదరదంటున్నాడు ఈ షాపు కుర్రాడు. బాగా లోపలికి దిగిపోయిందంట. పైన ఇంకో బొమ్మేసి ముయ్యడమే. చేపా, పువ్వా, గద్దా అని బొమ్మల పుస్తకం చేతికిచ్చేడు.

నవ్వకే. యాభై దగ్గరపడ్డోడికి గద్దేంటని నేనూ అన్నాను… తప్పయిపోయింది. అలవాటు కొద్దీ 'నవ్వకే' అనేసేను.

మా అమ్మ మాట గుర్తుందా? వేటకెళ్ళేవాడి చేతి మీద పెళ్ళాం పేరూ, ఊరి పేరూ ఉండాలి, ఏ ఒడ్డుకి కొట్టుకుపోయినా ఎవరికి కబురెట్టాలో తెలుస్తుంది అని… మన పెళ్ళైన నాలుగో రోజునే కూర్చోబెట్టి పొడిపించేసింది.

అదే కదా మరి తంటా తెచ్చింది. మొన్న ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం చేతి మీదా నీ పేరే ఉందంట. నేనేమో నాలుగు రోజులు సముద్రం మీదున్నాను, ఫోన్ కలవదు. వెంకన్నే పోయేడని నీకు చెప్పేసేరు. మీ ఇంట్లో గొడవైందని మన రేవులో నాగబాబు అన్నాడు. నా మూలంగా నీకు—

…

ఏంటి?

శవాన్ని చూడ్డానికి నువ్వెళ్ళేవా? నర్సాపురం నుంచి… పంటెక్కి గోదారి దాటి, ఒక్కదానివీ?

నాకెవరూ చెప్పలేదు.

… ముఖం గుర్తుపట్టేలా లేదా. మరి నేను కాదని ఎలా—

కాలి వేళ్ళా.

అవును. ఎడం కాలి చిటికెన వేలు తాడులో పడి పోయింది కదా. వాడికి పది వేళ్ళూ ఉన్నాయన్నమాట… అది నీకింకా గుర్తుందా, చిన్నతల్లీ?

ఏడవకు. ఆయన పక్కనే ఉన్నారేమో.

… తాగట్లేదు. రెండేళ్ళయింది మానేసి. నువ్వు మారుమనువు చేసుకున్న ఐదేళ్ళకి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తెలుసు. ఇంటికొస్తే పలకరించే మనిషి లేదు. టీవీ పెట్టి పక్కకి తిరిగి పడుకుంటాను, మాటలు వినపడతాయని. నీకు చెప్పకూడదు గానీ… చెప్పేస్తున్నాను.

అడగాల్సిందిదీ. నీ పేరు మూసేస్తే, పక్కన ఎవరి పేరు రాయమంటావ్ అన్నాడితను. అమ్మ పోయింది. ఎవరి పేరు చెప్పను?

…

ఊరు పేరుంచాలా? సరే. దాని జోలికి పోవద్దంటాను. ఊరు తెలిస్తే రేవు దాకా తెస్తారు. తర్వాత ఎవరోకరు చూసుకుంటారు.

…

నాకేదన్నా అయితే నాగబాబు నీకు చెప్తాడా? వద్దు. మళ్ళీ మీ ఇంట్లో…

…

కాలి వేలు చూసి చెప్పడానికి నువ్వొస్తావా.

…

ఆయ్. సరే. ఆయన అడుగుతున్నారు, ఇచ్చెయ్.

… మాట్లాడ్డం అయిపోయిందండి. పేరు మీద చేప వేయించేస్తున్నాను, ఒక్కక్షరం కనపడదు… ఫొటోనా? పంపిస్తానండి, మీరే చూసుకోండి.

ఆయ్… ఉంటానండి.

…

పెట్టేసేరు.

చేపే కానియ్, తమ్ముడూ. పేరంతా మూసెయ్, కింద ఊరు మాత్రం ఉంచు… ఒక్క నిమిషం ఆగు. కళ్ళజోడు పెట్టుకుని ఆ పేరొకసారి చూసుకోనీ. నాకు చదువు రాదు. నాకొచ్చిన అక్షరాలు ఈ నాలుగే.