పదిహేను సెంటీమీటర్లు

కృష్ణప్రియ రికార్డుల రాసిందాన్ని అట్ల ఎర్ర ఇంకుతోని అడ్డంగ కొట్టేస్తరా రాజేందర్ సార్? కూసోండ్రి, బెల్లుకు ఇంక టైమున్నది.

ఐదు మార్కులకు ఇంత లొల్లి ఎందుకంటరా? మార్కుల ఫికర్ కాదు. కృష్ణప్రియ ఇంటర్ల ఎంపీసీ వద్దంటున్నదట. సైన్సు తనకు రాదంట. సీఈసీల చేరతదంట.

నాకేం తెలుసంటరా? నిజమే, పది తప్పి మీ ల్యాబు ఊడ్చే స్వప్నను. కానీ క్లాసుల నలభై రెండు మంది ఉంటే నలభై ఒక్కరు పోయినేటి రికార్డులు చూసి దించిండ్రు. లెన్సు ముఖమే చూడలే. డబ్బా మీద ఫోకల్ లెంతు పది సెంటీమీటర్లని ఉన్నది, అందరు పదే రాసిండ్రు, అందరికీ మార్కులేసిండ్రు. చేత వట్టి కొలిచింది ఆ పిల్ల ఒక్కతే. ఆమెకే తప్పు.

ల్యాబు తాళం ఎవరు తీసిండ్రంటరా? నేనే. మీరేమో లెక్కలు, సైన్సు రెండూ చెప్పి, మిగిలిన టైమంత ఫోన్ల హాజర్లు ఎక్కించుకుంట కూసుంటిరి. తనిఖీకి ఎవరన్న వస్తెనే ల్యాబు తెరుస్తరాయె. ఆ పిల్ల రోజు కిటికీలకెల్లి తొంగి చూస్తుంటే నాకు మనసొప్పలే.

మీరు ఉండాల్సింది సార్ ఆ రోజు. గోడకు దగ్గర లెన్సు పట్టుకుంటే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల బిల్డింగులన్నీ గోరంతై, తలకిందులై గోడ మీద పడ్డయి. మబ్బులు కింద, బిల్డింగులు మీద. నేనైతే రెప్ప కొట్టలే. వాళ్లమ్మ అండ్ల పదకొండో అంతస్తు తుడుస్తది. "అక్కా, మా అమ్మ తలకిందుల పనిచేస్తున్నది" అని ఒకటే నవ్వు. ఇగ లెన్సుకెల్లి గోడదాక స్కేలు వెట్టి మూడుసార్లు కొలిచింది. మూడుసార్లు పదిహేనే.

మరి డబ్బా మీద పది ఎందుకున్నదంటరా?

ఆ డబ్బల లెన్సు కాదు సార్ ఇది. పాతది మూడేండ్ల కింద తుడుస్తుంటే నా చేతులకెల్లి జారి పగిలింది. కొలువు పోతదని, లింగంపల్లిల ఒక భూతద్దం కొని, పిడి ఊడగొట్టి, అదే డబ్బల వెట్టిన. ఎవరు చూస్తరులే అనుకున్న. ఎవరూ చూడలే గూడ.

నిన్న సాయంత్రం ఆ పిల్ల వచ్చి అడిగింది. "అక్కా, నువ్వు పక్కనే ఉన్నవు గద. నేను తప్పు కొలిచిన్నా?"

నోటిదాక వచ్చింది సార్.

సార్ రాసిందే కరెక్టు బిడ్డా అన్న.