ఆదివారం ఆగే కారు

ఆదివారం మధ్యాహ్నం. భర్త ఇప్పుడే ఫోను పెట్టేశాడు. భార్య కుట్టుమిషను ఆపింది.

"ఏమన్నారు?"

"వస్తున్నాట్ట."

"ఎవరు?"

"బావ."

"అన్నయ్యా? ఎక్కడికి?"

"రైలు గేటు దగ్గరికి."

"రైలు గేటు దగ్గర ఆయనకేం పని?"

"మన కారు అక్కడ ఆగిపోయిందిగా."

"మన కారు కింద గుడ్డ కప్పుకుని ఉంది."

"అది నీకూ నాకూ తెలుసు. అక్కకి ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. బయల్దేరాం, దారిలో మొరాయించింది, భోజనానికి రాలేం అని. పక్కనే బావ ఉన్నాడు. ఫోను లాక్కుని ఎక్కడ ఆగింది అన్నాడు. నోట్లోంచి గేటు ఊడిపడింది."

"చోటు చెప్పమని ఎవరు ఏడ్చారు?"

"అడిగితే చెప్పొద్దూ? కదలకండి, సామాన్ల పెట్టె తీసుకుని బస్సెక్కుతున్నా అన్నాడు."

"ఆ కళ్ళతో బస్సా? వదినతో చెప్పి ఆపించండి."

"మళ్ళీ చేశాను. అక్కే ఎత్తింది. చెప్పులేసుకుని అప్పుడే వీధి దాటేశాడట."

"మరిప్పుడు?"

"ఇప్పుడేముంది. బావకంటే ముందు మనం వెళ్ళి అక్కడ ఆగిపోవాలి."

"నేను రాను. ఈ గౌను రేపు పొద్దున్నే ఇవ్వాలి. పొయ్యి మీద కూరుంది."

"పొయ్యి ఆపెయ్. ఆగిపోయింది మనిద్దరం. నేనొక్కణ్ణే కనబడితే నువ్వేమయ్యావని అడుగుతాడు."

"నేనెక్కడో ఆగిపోయానని చెప్పండి. మీకు అలవాటేగా."

"వెటకారాలు తర్వాత. లే."

*

"ఈ ఒక్కరోజూ స్టార్టవకపోతే బాగుండు. అబద్ధం నిజమయ్యేది."

"తిప్పి చూడండి."

"ఇదుగో... చూశావా. తాళం ముట్టుకున్నానో లేదో."

"మొన్న వానలో గిరాకీ వాళ్ళింటికి దింపమంటే ఎంతసేపు దగ్గింది. ఇవాళ మాత్రం పరుగు."

"దానికి బావ వస్తున్నట్టు తెలిసిపోయింది."

"ఇన్నేళ్ళు తోలిన మనిషి కదా, మీ బావ అంటే దానికి భక్తి. మనకే లేదు."

"తలుపు గట్టిగా వెయ్యి. ఇంకా గట్టిగా. మలుపులో ఊడుతుంది."

"వేశాను. పోనివ్వండి, ఆయన బస్సు అప్పుడే సగం దారిలో ఉండుంటుంది."

*

"అదిగో రైలు గేటు, పక్కనే చెట్టు. ఆ నీడలోకి తిప్పి ఆపండి."

"ఆపాను. ఇప్పుడు చెడగొట్టాలి."

"ఎలా?"

"ఏదో ఒక తీగ పీకాలి."

"ఏ తీగ?"

"అదే తెలియదు. ఉండు, బానెట్టు ఎత్తనీ. ఆ, ఇది బ్యాటరీది. బిగింపు అరిగిపోయిందని బావ గుడ్డపేలికతో కట్టాడు. ఇది ఊడితే కిక్కురుమనదు."

"అయ్యో, ఇది వదిన చీర అంచు. ఆ ఆకుపచ్చ చీరది."

"చీర సంగతి తర్వాత. ముడి రావడం లేదు. ఏం ముడి ఇది, గోళ్ళు ఊడుతున్నాయి."

"జరగండి. లాగితే ఇంకా బిగుస్తుంది. సూదితో వదులు చెయ్యాలి."

"ఇక్కడ సూదెక్కడిది?"

"నా రవికకి ఎప్పుడూ ఉండేదే. ...వచ్చింది. తీగ పీకండి."

"పీకాను. ఆ పేలిక ఇలా పారెయ్."

"పారెయ్యడమేంటి, మళ్ళీ కట్టొద్దూ? మడిచి ఇక్కడే పెడుతున్నా."

"సరే. ఇప్పుడు మనం ఆగిపోయాం. మొహం అలా పెట్టు."

"ఎలా?"

"కారు ఆగినవాళ్ళలా."

"నా మొహం అలాగే ఉంది. సిగ్గుతో."

*

"ఒక్కటి చెప్పండి. అసలు మనం ఎందుకు వెళ్ళం? వదిన ఏమన్నా అందా?"

"అక్క ఏమీ అనదు."

"అన్నయ్య?"

"బావ... ఎలా చెప్పను. గుమ్మంలోకి వెళితే నన్ను పలకరించడు. ముందు దాన్ని పలకరిస్తాడు. బానెట్టెత్తి తడుముతాడు. నూనె చూశావా, నీళ్ళు పోశావా, ఈ మోత ఎప్పట్నుంచి అంటాడు. ఎక్కాలు రాని పిల్లాడిలా నిలబడాలి నేను. ఇచ్చినట్టు లేదు, అద్దెకిచ్చినట్టుంది."

"కారు ఇచ్చేటప్పుడే చెప్పారుగా. డాక్టరు బండి తోలొద్దన్నాడని, బయటివాళ్ళు ఎక్కువిస్తామన్నా మనకే ఇచ్చారు. ఒక్కటే అడిగారు. ఆదివారం తీసుకొచ్చి చూపించండి, భోంచేసి వెళ్ళండి అని."

"వెళ్ళలేదా మొదట్లో?"

"మొదట్లో వెళ్ళాం."

"తర్వాత నీకు కుట్టుపని పెరిగింది."

"నా మీదకి తోయకండి. పని సాకు నాది, కారు సాకు మీది. సగం సగం."

"సగం సగమే. ఒప్పుకుంటున్నా. పాత కారుతో ఉన్న సుఖమే అది. ఎక్కడికన్నా వెళ్ళాలని లేకపోతే ఆగిపోయింది అంటే చాలు. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. పైగా జాలిపడతారు."

"ఒకసారి చక్రం అన్నారు. ఒకసారి బ్రేకు. రేడియేటరు రెండుసార్లు పగలగొట్టారు."

"దానికి లేని జబ్బు లేదు, నా నోట్లో."

"నిజానికి ఒక్కనాడైనా దారిలో దింపిందా?"

"దగ్గింది. దింపలేదు."

"మొదటి వానకి పైకప్పు కారింది, గుర్తుందా? మీరు నడుపుతున్నారు, నేను గిన్నె పట్టుకుని కూర్చున్నాను."

"గిన్నె నిండితే బయట పారబోద్దామంటే అద్దం దిగలేదు."

"మలుపులో మొత్తం మీ ఒళ్ళో పోసింది."

"పోసింది అది కాదు, నువ్వు."

"ఎంత నవ్వామండీ ఆ రోజు. కొత్త కారైతే అంత నవ్వుతామా?"

"కొత్త కారైతే గీత పడుతుందని వీధిలోకే తియ్యం. దీనికి గోడ గీసుకున్నా గోడకేమైందో చూస్తాం."

"కూరల బండాయన మనని ఇప్పటికీ మేక కారు వాళ్ళంటాడు. ఆ హారను విని."

"బావే మార్చొద్దన్నాడు. ఆ గొంతు వింటే ఇంటి గేటు తీస్తానన్నాడు. వీధి మలుపులో హారను కొడితే, మనం వెళ్ళేసరికి గేటు బార్లా తీసి ఉండేది."

"ఎన్నాళ్ళయిందో ఆ గేటు చూసి."

"ఊరుకో. ఇప్పుడవన్నీ ఎందుకు."

"మీరే తీశారు ఆ మాట."

"అటు చూడు. రైలు గేటు అవతల."

"పెట్టె పట్టుకుని... అవును, అన్నయ్యే. చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతున్నారు. మనం కనబడ్డం లేదు. హారను కొట్టండి."

"బ్యాటరీ పీకేశాం కదే."

"అయితే పరుగెత్తండి. పట్టాల మీదకి వచ్చేస్తున్నారు. ఏమండీ, పరుగెత్తండి."

*

"చెయ్యి వదలవోయ్ బావమరిదీ. పట్టాలు దాటడం నాకు కొత్తా?"

"పెట్టె ఇలా ఇవ్వండి బావా."

"పెట్టె నేనే మోస్తాను. నువ్వు మోస్తే లోపల అన్నీ తలకిందులవుతాయి. చేతికి తగిలేట్టు సర్దుకున్నాను. చెల్లెమ్మ ఏది?"

"ఇక్కడే అన్నయ్యా. ఈ ఎండలో మీరెందుకు వచ్చారు."

"నేను కాకపోతే ఎవరొస్తారమ్మా. ఆకలేస్తోందా? మీ వదిన డబ్బా కట్టిచ్చింది. అలా కూర్చుని తినండి ముందు."

"మీరు తిన్నారా?"

"మీ ఫోను వచ్చాక తింటాం. ప్రతి ఆదివారం అంతే."

"ఫోను... వచ్చాకా?"

"వస్తున్నారో, ఆగిపోయారో తెలియాలి కదమ్మా. తెలిస్తే అప్పుడు విస్తళ్ళు... అదే, కంచాలు రెండు తీసి లోపల పెట్టేస్తుంది మీ వదిన."

"బావా, ఎండ పడుతోంది మీకు, ఇటు రండి."

"వస్తున్నా. ఇదేమిటోయ్, కారు మొహం ఇటుంది? మా ఇంటికి వచ్చేది అటు కదా చూడాలి."

"అది... ఆగిపోయాక నీడ కోసం తోసి తిప్పాం బావా."

"చెల్లెమ్మ తోసిందా?"

"దారినపోయేవాళ్ళు సాయం పట్టారన్నయ్యా."

"మంచివాళ్ళు. మెళ్ళో పచ్చగా ఏమిటమ్మా అది, కొత్త గొలుసా?"

"ఇది... టేపన్నయ్యా. కొలతల టేపు."

"భోజనానికి వస్తూ టేపు తెచ్చుకున్నావా?"

"వదినకి... వదినకి కొలతలు తీసుకుందామని. రవిక కుట్టి పెడదామని."

"అలాగా. సంతోషిస్తుంది. ఈమధ్య మనిషి చిక్కింది, పాతవన్నీ జారిపోతున్నాయి అంటోంది. నువ్వే గుర్తుపెట్టుకున్నావన్నమాట."

"కొలతలు తీసుకుంటానన్నయ్యా."

"ఏమ్మా, మొహం అటు తిప్పుకున్నావేం?"

"ఏం లేదన్నయ్యా. పొలమారింది."

"నీళ్ళు తాగు. ఏవోయ్, పెట్టె తెరువు. పైనున్న గుడ్డ ఇవ్వు. మీ అక్కతో పెద్ద పోట్లాట అయింది తెలుసా, వచ్చేముందు."

"ఎందుకు బావా?"

"కారు ఏం ఆగలేదు, వాడికి రావడం ఇష్టం లేదు అంది. నాకు ఒళ్ళు మండింది. కారు సంగతి నీకు తెలుసా నాకు తెలుసా అన్నాను. అది ముసలిదైపోయింది, ఆగుతుంది, వాడు అబద్ధమాడే రకం కాదు అన్నాను."

"అక్క... అలా అందా."

"అంది. నీ చేత్తో పెంచిన తమ్ముణ్ణి అంత మాట అంటావా అని కేకలేశాను. మరి ఇన్నేళ్ళు ఒక్కసారి కూడా ఆగలేదని ఊరంతా చెప్పుకున్నారుగా అంది. గొప్పలకి చెప్పానే, నా దగ్గరున్నప్పుడూ ఆగేది అన్నాను."

"ఆగేదా బావా?"

"ఎప్పుడోయ్ ఆగింది? ఒక్కనాడు ఆగలేదు. మీ కోసం నా కారుని నేనే తిట్టుకున్నాను. బానెట్టెత్తు."

"బావా, వద్దులెండి. మెకానిక్కుని పిలుద్దాం. మీరు కూర్చోండి."

"ఎత్తమన్నానా. ...ఆ. నూనె పరవాలేదు. నీళ్ళున్నాయి. శుభ్రంగానే ఉంచావే. బెల్టు బాగుంది. చల్లబడిందే అప్పుడే. ఇక్కడ... ఓహో."

"ఏమైంది బావా?"

"బ్యాటరీ తీగ ఊడింది."

"అదేనా? అదే అయ్యుంటుంది అనుకున్నా. గతుకుల్లో వదులైపోయి..."

"అయ్యుంటుంది. కట్టిన పేలిక ఎక్కడో పడిపోయుంటుంది దారిలో. పెట్టెలో ఇంకోటి ఉంది, ఉండు... లేదు లేదు, పడిపోలేదు. ఇక్కడే ఉంది."

"ఉందా. పోనీలెండి."

"ఉంది. మడత పెట్టి ఉంది. నాలుగు మడతలు. అంచు మీద అంచు."

"అన్నయ్యా..."

"చెల్లెమ్మా, ఇలా రామ్మా. ఈ కొస పట్టుకో. నా వేళ్ళకి మునుపటి పట్టు లేదు. తీగ నేను అదిమి పడతాను, నువ్వు చుట్టి ముడి వెయ్యి. గట్టిగా వెయ్యి. ముళ్ళు నీకు బాగా వచ్చుగా."

"వేశానన్నయ్యా."

"ఏడుస్తున్నావా ఏమిటి? పొలమారడం ఇంకా తగ్గలేదా?"

"తగ్గలేదన్నయ్యా."

"తగ్గుతుంది. ఏవోయ్, వెళ్ళి తాళం తిప్పు."

"...అందుకుంది బావా."

"అందుకోకేం. దాని తప్పేముంది."

"బావా, మీతో ఒక మాట..."

"ఉండు, దాని మాట విననీ. ...గొంతు బాగుంది. కాస్త దగ్గుతోంది గానీ, వయసుకి ఆ మాత్రం ఉంటుంది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టు. తలుపు గట్టిగా వేస్తాలే, నాకు తెలుసు."

"ఎక్కండి బావా. ఇంటికే వెళ్దాం. మీ ఇంటికి. అక్కని చూసి, అందరం కలిసి తిందాం."

"మీ అక్క మొహం చూడాలి ఇప్పుడు. బాగుచేసి తెచ్చాను చూడవే అంటాను."

"బావా, నిజం చెప్పాలంటే ఇవాళ..."

"దారి చూసి నడుపు. గతుకుంది ముందు. ఎడమకి కొయ్యి. అలా."

"ఇకమీదట ప్రతి ఆదివారం వస్తాం అన్నయ్యా. నేను తీసుకొస్తాను ఈయన్ని. ఒట్టు."

"ఒట్లెందుకమ్మా. పనులుంటాయి మీకు. ఒక్కోసారి రావాలనిపించదు. మనుషులన్నాక అంతే. నేనేమీ అనుకోను."

"అలా అనకండి బావా."

"అననులే. ఒక్కటి మాత్రం అడుగుతాను, కాదనకు."

"చెప్పండి."

"వచ్చే ఆదివారం దీన్ని ఆపేటప్పుడు, మా వీధి మలుపులో ఆపండి. అంత దూరమైతే నేనొక్కణ్ణీ నడిచి రాగలను."